‘అంట’ ఒప్పుకోని మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు నాకు షాపులో ఉండగా వచ్చింది. ఒక లారీ ఓనరు వెనక్కి తెచ్చిన క్లచ్ ప్లేటు మేం అమ్మిందేనా, మధ్యలో ఎక్కడైనా మార్చి తెచ్చాడా అని కౌంటర్లో నిలబడి తిప్పి తిప్పి చూస్తున్నాను. ఫోన్ చేసింది సమాధుల తోట కాపలాదారు ఏసోబు.

“అమ్మా, మన మాస్టారు పోయారంటమ్మా.”

“అంట ఏంటి ఏసోబూ? నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?” అని కసిరాను.

ఏసోబు గొంతు సవరించుకుని, “చూశానమ్మా. వాళ్ళింటి దగ్గరే ఉన్నాను. ఇప్పుడే ఐస్ బాక్సు దించారు” అన్నాడు.

కసిరింది నేనే గానీ ఆ ప్రశ్న నాది కాదు, మాస్టారిది. ఆయన చావు కబురుకి కూడా ఆయన ప్రశ్నే అడ్డం వేశానని అప్పుడు తట్టింది. ఆ లారీ ఓనరుకి ఇంకేమీ అడక్కుండా కొత్త ప్లేటు ఇచ్చి పంపించేశాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే, గుణింతం ఎవర్నడిగి రాశావమ్మా అని ఎక్కణ్ణుంచో అడుగుతారేమోనని భయం. డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. బెజవాడలో కాలవ గట్టు పక్కనున్న పాత సమాధుల తోటలోకి ప్రతి శనివారం పొద్దున్నే ఆరున్నరకి, వచ్చినవాళ్ళందర్నీ వెంటబెట్టుకుని తిరిగేవారు. కాలేజీ పిల్లలు వచ్చేవారు, కెమెరా మెళ్ళో వేసుకున్న బ్యాంకు రిటైరు వచ్చేవాడు, ఊరికే వాకింగుకి బయల్దేరి ఇటు తిరిగినవాళ్ళూ ఉండేవారు. మాస్టారి చేతిలో ఒక నల్ల గొడుగు, ఒక నీళ్ళ సీసా, జేబులో గడ్డం గీసుకునే గుండ్రటి అద్దం. అరిగిపోయిన రాయి మీద నీళ్ళు పోసి, అద్దంతో పొద్దుటి ఎండని ఏటవాలుగా దాని మీదికి మళ్ళించేవారు. అప్పటిదాకా బోసిగా ఉన్న బండ మీద అక్షరాలు లేచేవి. ఎన్నిసార్లు చూసినా నాకు గుండె ఝల్లుమనేది.

లోపలికి రావడానికి ఒకటే షరతు. గేటు దగ్గర అందర్నీ ఆపి చెప్పేవారు. “‘అంట’ అనే మాట ఈ గేటు బయటే వదిలి రండి. పోయేటప్పుడు ఎవరిది వాళ్ళు తీసుకుపోవచ్చు, ఏసోబు కాపలా ఉంటాడు. లోపల మాత్రం చూసిందీ చదివిందీ మాట్లాడుకుందాం.”

మన ఊళ్ళో ‘అంట’ లేకుండా పొద్దు గడుస్తుందా? సంబంధం కుదిరిందంట, స్థలం రేటు పెరిగిందంట, ఫలానావాడు పారిపోయాడంట. గేటు దాటిన పది నిమిషాల్లో ఎవరో ఒకరు నోరు జారేవారు. “మాస్టారూ, ఇక్కడే కదా కాలవలో దూకి చచ్చిపోయిన దొరసాని దెయ్యమై తిరుగుతుందంట?” అని ఒక పిల్ల అడిగింది నేను వెళ్ళిన మొదటి రోజే. మాస్టారు ఆ దొరసాని రాయి మీద నీళ్ళు పోసి, అద్దం తిప్పి, ఆ పిల్ల చేతే చదివించారు. జ్వరంతో పోయింది, వయసు అరవై మూడు. “కాలవలో దూకే వయసేనా తల్లీ ఇది? మెట్లు దిగడానికే మనిషి సాయం కావాలి” అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నేను ఆయన్నే చూస్తున్నాను.

దాచుకోవడం ఎందుకు, నేను అనుమానం మనిషిని. కంపెనీ డబ్బాలో డూప్లికేట్ బేరింగు పెట్టి, సీలు కూడా అచ్చం అలాగే వేసి అమ్మేవాళ్ళ మధ్య ఆటోనగర్లో ఇరవై రెండేళ్ళుగా బతుకుతున్నాను. నవ్వుతూ మాట్లాడేవాణ్ణి చూస్తే ముందు వాడి డబ్బా తిప్పి చూడాలనిపిస్తుంది. నుదుట బొట్టు పెట్టుకునే ఈ పెద్దమనిషికి మా సమాధుల తోటలో ఏం పని? తోట కమిటీవాళ్ళు తమ పాస్టరుగారి మాటకన్నా ఈయన మాటకే ఎందుకు విలువిస్తున్నారు? ఈ రెండు ప్రశ్నలూ మొదటి రోజే నా బుర్రలో కూర్చున్నాయి.

నేను అక్కడికి చరిత్ర వినడానికి వెళ్ళలేదు. మా నాన్న కోసం వెళ్ళాను. మా నాన్న, ఆయన తండ్రి, ఇద్దరూ కాలవ లాకుల దగ్గర లస్కర్లు. లాకు తలుపులు తిప్పి నీళ్ళు వదిలే పని. మా నానమ్మ రత్నమ్మ పోయేనాటికి మా నాన్నకి ఆరేళ్ళు. ఆమెని ఈ తోటలోనే పెట్టారు. తర్వాత తాతయ్యకి బదిలీ అయింది, మా నాన్నని పామర్రులో వాళ్ళ అమ్మమ్మ పెంచింది. పెద్దవాడై బెజవాడ తిరిగొచ్చేసరికి తల్లి సమాధి ఎక్కడో చెప్పే మనిషి లేడు. సమాధుల పండుగ నాడు ఊరంతా తమవాళ్ళ రాళ్ళకి సున్నం కొట్టి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తే, మేం మాత్రం మధ్యలో ఉన్న పెద్ద సిలువ దగ్గర వెలిగించేవాళ్ళం. చోటు తెలియనివాళ్ళందరికీ అక్కడే వెలిగిస్తారు. మా నాన్న ప్రతిసారీ ఇంటికొచ్చి అన్నం సయించక పక్కన పెట్టేసేవాడు.

ఎనభై దాటాక ఒకటే పాట మొదలుపెట్టాడు. “నన్ను మా అమ్మ దగ్గరే పెట్టమ్మా. ఇంకేమీ అడగను.” తోటలో కొత్తగా పెట్టడానికి జానెడు చోటు లేదు. సొంత మనిషి పాత సమాధి ఉంటే దాని మీద పెట్టనిస్తారు, ఋజువు చూపిస్తేనే. లేకపోతే ఊరి బయట కొత్త తోటకి పోవాలి. ఋజువు కోసం కమిటీ ఆఫీసుకి ఎన్నిసార్లు తిరిగానో. రిజిస్టర్ తీసేవారు, వేలు పెట్టి చూసేవారు. “మీ ఇంటిపేరుతో రత్నమ్మ అన్న మనిషే లేదండి. ఉన్న ఇద్దరు రత్నమ్మలూ కె.ఎస్. వాళ్ళ మనుషులు” అనేవారు. చివరికి విసిగిపోయి, “శనివారం మాస్టారు వస్తారు, ఆయన్ని కలవండి. ఆయన ఊఁ అంటే మేమూ ఊఁ అంటాం” అన్నారు.

కలిశాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. “ఋజువేంటమ్మా?” అన్నారు. మా నాన్న చెప్పాడన్నాను. “మీ నాన్నగారు చూశారా, ఎవరైనా చెప్పారా?” అన్నారు. ఒళ్ళు మండిపోయింది. తర్వాత తెలిసింది, నీడ పట్టునో, దారి పక్కనో ఉన్న పాత సమాధులు చూసి, మా ముత్తాతదే అని అబద్ధాలాడి చోటు సంపాదించుకునేవాళ్ళు చాలామంది ఉన్నారని. నన్నూ ఆ జట్టులోనే కట్టేశారు ఆయన.

నేను మాత్రం తక్కువ తిన్నానా? నాలుగు శనివారాలు వెనకాలే తిరిగి ఆయన నోటుబుక్కులోకి తొంగి చూశాను. ప్రతి సమాధికీ ఒక నంబరు, పేరు, పక్కన ‘ని’ అనో ‘అ’ అనో ఒక అక్షరం. నిజం, అనుమానం. వెనక పేజీల్లో ఇంకో జాబితా ఉంది. పైన ‘ఎవరూ రానివి’ అని రాసుంది. అది చూడగానే నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. కాలవ పక్క స్థలం, రోడ్డు ముఖం. ఎవరూ రాని సమాధులేవో లెక్క తేలితే వాటిని చదును చేసి షాపులు కట్టేవాడికి ఎంత సుళువు! పదిహేనుమంది ముందు అడిగేశాను. “మాస్టారూ, ఈ జాబితా ఎవరికి తయారుచేస్తున్నారు? ఈ తోటలో మీకేం పని?”

కెమెరా ఆయన నోరు తెరిచాడు. మాస్టారికి మాత్రం కోపం రాలేదు. “మంచి అనుమానం. నేనైనా అదే అడుగుతాను. రా, చూపిస్తాను” అని అందర్నీ తోట చివర ఒక రాయి దగ్గరికి తీసుకెళ్ళారు. నీళ్ళూ అద్దం అక్కర్లేని రాయి అది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మార్తమ్మ.

“ఈ అక్షరాలు నావి. కుర్రతనంలో ఖాళీ వేళల్లో రాళ్ళ మీద పేర్లు గీసిచ్చేవాణ్ణి, చెక్కే మనిషి వేరే ఉండేవాడు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరు, మార్తమ్మ, మరియమ్మ. పక్కింటాయన వచ్చి ‘పెద్దమ్మాయి పోయిందంట, మార్తమ్మ అని రాయండి’ అన్నాడు. రాశాను. పోయింది చిన్నది. మార్తమ్మ బతికే ఉంది.”

మాస్టారు ఆ రాయి మీద ఆకులు గొడుగు కొసతో పక్కకి నెట్టారు. “తప్పు తెలిసి, వేరే రాయి చెక్కిస్తానని మార్తమ్మ దగ్గరికి పరిగెత్తాను. ‘ఉండనీండి మాస్టారూ, ఎలాగూ నేనూ రావాల్సినదాన్నేగా’ అంది. ముప్పైయేళ్ళు ప్రతి పండక్కీ వచ్చి తన పేరున్న రాయి మీద తనే కొవ్వొత్తి వెలిగించుకునేది. నేను ఆ గేటు దగ్గర నిలబడి చూసేవాణ్ణి. ఇప్పుడు ఇద్దరూ ఇందులోనే ఉన్నారు. మరియమ్మ పేరు మాత్రం ఎక్కడా లేదు.” నా వైపు తిరిగి నోటుబుక్కు చేతిలో పెట్టారు. “ఆ జాబితాలో వాళ్ళకి ఎవరైనా ఉన్నారేమో వెతుకుతున్నాను. నమ్మొద్దు. నువ్వే తిరిగి కనుక్కో.”

నమ్మలేదు. నిజంగానే తిరిగి కనుక్కున్నాను. వాళ్ళ వీధి టీ బండి దగ్గర అడిగాను, కమిటీలో గుమాస్తాని అడిగాను, చివరికి వాళ్ళింటికే వెళ్ళి వాళ్ళావిణ్ణి మాటల్లో పెట్టాను. ఆవిడ కాఫీ ఇచ్చి నవ్వింది. “ఆయన మీద అనుమానమా? కూర్చోమ్మా, మనం మనం ఒకటి. నేను ఉప్పేశానంటే రుచి చూసేదాకా నమ్మరు ఆ మనిషి.” అప్పటికి నా డబ్బా సీలు కొంచెం ఊడింది.

ఆ తర్వాత రెండు వారాలకి ఆయనే షాపుకి ఫోన్ చేశారు. “ఆటోనగర్ అమ్మాయీ, ఒక సంగతి చెప్పు. ఈ కె.ఎస్. వాళ్ళని నువ్వెప్పుడైనా చూశావా?” నాకు యాభై దగ్గర పడినా ఆయనకి నేను అమ్మాయినే.

“లేదు మాస్టారూ.”

“నేనూ చూడలేదు. రిజిస్టర్లో నలభైమంది ఉన్నారు. నలభైమందీ చచ్చారు గానీ బెజవాడ మొత్తం మీద బతికున్నవాడు ఒక్కడూ లేడు. పెళ్ళిళ్ళు లేవు, ఓట్లు లేవు, చావులే. ఎక్కడైనా విన్నావా అలాంటి వంశం?”

నాకు వెలగలేదు. ఆయన గొంతులో నవ్వు ఆగడం లేదు. “కీ.శే.! కీర్తిశేషులు! పాత తెలుగు రిజిస్టర్లో, ఇంటిపేరు తెలిసినవాళ్ళకి ఇంటిపేరు రాశారు, తెలియని బీదాబిక్కీకి ఉత్త ‘కీ.శే.’ అని పెట్టి పేరు రాశారు. దాన్ని ఇంగ్లీషులో టైపు కొట్టిన మహానుభావుడు, పేరు ముందు రెండక్షరాలుంటే ఇంటిపేరే కదా అనుకుని కె.ఎస్. చేసేశాడు. తెలుగువాడు కాబట్టే చేశాడు ఆ తప్పు! పాత పుస్తకం చెదలు తినేసింది, కె.ఎస్. వాళ్ళు మిగిలారు.” కౌంటర్లో కస్టమర్లు చూస్తున్నారని కూడా చూడకుండా పగలబడి నవ్వాను. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. మా నానమ్మ రిజిస్టర్లో ఉందన్నమాట, ఎవరి ఇంటిపేరుతోనో అయినా.

“ఉంటే ఉండొచ్చు. రత్నమ్మలు ఇద్దరున్నారు. శనివారం మీ నాన్నగారిని తీసుకురా” అని పెట్టేశారు.

ఆ శనివారం నాకు ఎప్పటికీ మరుపు రాదు. మా నాన్నకి చూపు బాగా తగ్గింది, నా భుజం పట్టుకుని నడిచాడు. మాస్టారు మిగతా జనాన్ని చెట్టు కింద కూర్చోబెట్టి మమ్మల్ని మాత్రం తీసుకెళ్ళారు. వేపచెట్టు నీడలో, దారి పక్కనే చక్కటి రాయి. నీళ్ళు పోసి అద్దం పట్టారు. రత్నమ్మ అన్న పేరు లేచింది. “ఇదే నాన్నా! నానమ్మ పేరు! ఇదే!” అని అరిచాను.

మా నాన్న గొంతుక్కూర్చుని రాయంతా తడిమాడు. ఎడమ మూల దగ్గర చెయ్యి ఆగింది, మళ్ళీ కుడి మూలకి వెళ్ళింది. “ఇది కాదమ్మా.”

“నీకప్పుడు ఆరేళ్ళు, ఏం గుర్తుంటుంది నాన్నా? పేరుంది కదా. ఔనను” అని ఆయన చెవిలో గుసగుసలాడాను. అవును, అన్నాను. డూప్లికేట్ సరుకు ఆమడ దూరంలో పట్టేస్తానని విర్రవీగేదాన్ని, మా నాన్న చేత డూప్లికేట్ తల్లిని ఒప్పించబోయాను.

“కాదే. మా అమ్మ రాయికి ఒక మూల గుంట ఉంటది. గుండ్రంగా, గిన్నెలాగ. మా నాన్న ఆ రాయి లాకు దగ్గరనుంచి తెచ్చాడు. పాత తలుపు మార్చినప్పుడు తీసేసిన రాయి. తలుపు బొడ్డు తిరిగి తిరిగి గుంట పడింది. వానొస్తే నీళ్ళు నిలిచేయి. ఆయన పక్కన కూర్చుని ఏడుస్తుంటే నేను అందులో వేలు పెట్టి ఆడుకునేవోణ్ణి.”

మాస్టారు అద్దం జేబులో పెట్టుకున్నారు. మా నాన్న రెండో చెయ్యి తనే పట్టుకుని గోడవార తుప్పల్లోకి నడిపించారు. అక్కడ ఒక మొరటు బండ, సగం మట్టిలో ఉంది. మూల గుండ్రటి గుంట. మాస్టారు సీసాలో మిగిలిన నీళ్ళు అందులో పోసి, మా నాన్న వేలు తీసి ఆ నీళ్ళలో పెట్టారు. మా నాన్న ఎనభై రెండేళ్ళ మనిషి, “అమ్మా” అని ఆ బండ మీద పడిపోయాడు. నేను చూడలేక గోడ వైపు తిరిగాను.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర అడిగాను. “మొదటి రాయి కాదని మీకు ముందే తెలుసా మాస్టారూ?”

“తెలుసమ్మా. ఆ రత్నమ్మకి పదకొండేళ్ళు. పేరు కింద వయసుంది, నువ్వు చదవలేదు. షాపులో లేబులు చదువుతావుగా?” అన్నారు. తర్వాత కొంచెం మెత్తబడి, “ఎవరొచ్చినా ముందు కాని రాయికే తీసుకెళ్తాను. అబద్ధం చెప్పేవాడు అక్కడే ఔనంటాడు. నిజంగా ఆశ ఉన్నవాడూ ఒక్కోసారి ఔనంటాడు, అదే కష్టం. కాదన్నవాడి ఔను మాత్రమే నేను రాసుకుంటాను” అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపంతో రెండు శనివారాలు వెళ్ళలేదు. మూడో శనివారం ఏసోబుతో కబురంపారు, గొడుగు పట్టుకునే మనిషి లేదని.

ఆ తర్వాత ఏడాదికి మా నాన్న పోయాడు. గుంట రాయి పక్కకి జరిపి, వాళ్ళమ్మ మీదే పెట్టాం. కమిటీవాళ్ళు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మాస్టారు తుప్పల పక్కన ఎండలో చివరిదాకా నిలబడ్డారు.

ఇప్పుడు మాస్టారికి రాయి లేదు. వాళ్ళ పద్ధతిలో దహనం చేసి కృష్ణలో కలిపారు. పెద్ద కర్మ నాడు నేనూ ఏసోబూ వెళ్ళాం. వాకిట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు, ఆయన ఫోటో, పేరు ముందు కీ.శే. ఏసోబు దాన్ని చాలాసేపు చూశాడు. “మన మాస్టారు కూడా కె.ఎస్. వాళ్ళలో కలిసిపోయారమ్మా” అన్నాడు. అక్కడున్నవాళ్ళకి అర్థం కాలేదు. మేమిద్దరం భోజనాల వరసలో కూర్చుని, ఆకుల్లో అన్నం పెట్టుకుని, ఏడుస్తున్నామో నవ్వుతున్నామో తెలియకుండా తిన్నాం.

వచ్చేటప్పుడు వాళ్ళావిడ నోటుబుక్కూ అద్దమూ గొడుగూ తెచ్చి నా చేతిలో పెట్టింది. “నీకిమ్మన్నారంట... కాదు, కాదు. ఇమ్మన్నారు. నా ఎదురుగానే అన్నారు” అని సర్దుకుంది. ఇంటికి రాగానే మా పేజీ వెతికాను. ఆయన ముత్యాల అక్షరాలు. ‘రత్నమ్మ, గుంట రాయి. కొడుకు: ని. మనవరాలు: అ.’ ఒళ్ళు భగ్గుమంది. ఇన్నేళ్ళు గొడుగు పట్టానే, ఒక్కసారి కొట్టేసి మార్చలేకపోయారా ఈ మనిషి! తెల్లారి మళ్ళీ చూసుకున్నాను. అది అబద్ధం కాదు కాబట్టే మార్చలేదని ఒప్పుకున్నాను.

మొన్న శనివారం గేటు నేనే తీయించాను. తొమ్మిదిమంది వచ్చారు. మైలవరం నుంచి ఒకామె వచ్చింది, నా వయసే ఉంటుంది, చేతిలో క్యారీ బ్యాగులో బంతిపూలు. “మా అన్నయ్యని ఇక్కడే పెట్టారంటండీ. నేను చంటిదాన్ని అప్పుడు. ఎప్పుడో ఒకసారి ఎవరో ఎత్తుకుని తీసుకొచ్చి చూపించారు. అమ్మకి బాలేదండీ, పోయేలోపు చూపిస్తానని మాటిచ్చాను” అంది. పేరు చెప్పింది. నోటుబుక్కులో ఉంది, ‘ఎవరూ రానివి’లో. పక్కన మాస్టారు రాసుకున్న ఆనవాలు కూడా ఉంది. అది ఏ రాయో నాకు తెలుసు.

ఆమెని ఇంకో రాయి దగ్గరికి తీసుకెళ్ళాను. అదే పేరు, వేరే మనిషి. నీళ్ళు పోశాను. అద్దం పట్టాను. వెలుగు ఆ రాయి మీద ఒకచోట నిలవలేదు. పేరు కనపడగానే ఆమె మోకాళ్ళ మీద కూలబడింది, పూల సంచీ పక్కన పెట్టి, పైట కొంగుతో ఆ అక్షరాల మీది తడి తుడుస్తోంది. నేను వెనక్కి జరిగాను. ఆమె చెయ్యి రాతి అంచు వెంబడి మెల్లగా పోతోంది. కాదనమ్మా, కాదను, తల్లీ, కాదను అని లోపల్లోపల వేడుకుంటూ, మూసిన గొడుగు గట్టిగా పట్టుకుని ఆమె వెనకాలే నిలబడ్డాను.